నూనె కాగితం మీద ఓడ

ఎనభైల మొదట్లో గోపాలపట్నంలో ఒక ప్రైవేటు హైస్కూల్లో నేను సోషల్ టీచర్ని. టీచర్నని గట్టిగా చెప్పుకోవడానికి లేదు, టెంపరరీ టీచర్ని. ఏటా వేసవి సెలవులకి ముందు స్కూలు కమిటీ పెద్దలు కూర్చుని టెంపరరీ వాళ్ళలో ఎవరిని పర్మనెంటు చెయ్యాలో, ఎవరిని ఇంటికి పంపాలో తేల్చేవారు. మా ఆయన స్టీలు ప్లాంటు మట్టి పనుల్లో ఒక కాంట్రాక్టరు దగ్గర సూపర్వైజరు. ఆ పని వాన పడితే ఆగేది, బిల్లు రాకపోతే ఆగేది, ఒక్కోసారి ఎందుకాగిందో కాంట్రాక్టరుకే తెలిసేది కాదు. ఇంట్లోకి ఆగకుండా వచ్చేది నా జీతమొక్కటే. అందుకని ఆ రోజుల్లో నాకు దేవుడి మీద కంటే కమిటీ మీదే భక్తి ఎక్కువ.

ఎనిమిదో తరగతికి ఓడరేవుల పాఠం ఉండేది. పుస్తకంలో విశాఖ రేవు బొమ్మ బొటనవేలి ముద్రంత. అందులో ఓడేదో, కొండేదో, అచ్చు మసేదో చెప్పడం ఎవరి తరమూ కాదు. నా క్లాసులో సగంమంది పిల్లల తండ్రులు పోర్టులో కలాసీలు, క్రేను మనుషులు. అయినా ఆ పిల్లలు రేవు లోపల ఎలా ఉంటుందో ఎరగరు. గేటు దాటాలంటే పాసు కావాలి. పైగా ఫొటోలు తియ్యరాదని అక్కడ బోర్డులు. సొంత ఊరి రేవును పుస్తకంలో మసి మరకలాగా చూసుకోవడమేమిటని నాకు ఒళ్ళు మండేది. నాకు చిన్నప్పటి నుంచీ ఇంతే, ఒళ్ళు మండితే గానీ పని మొదలుపెట్టను.

ఆ జనవరిలో మా ఇంటి పక్కావిడ ఒక క్యాలెండరు ఇచ్చింది. ద్వారకా నగర్లో ఒక ఫొటో స్టూడియో ఉండేది. దాని యజమాని ఏటా తను తీసిన ఫొటో ఒకటి పైన వేసి, కింద తేదీలు అచ్చొత్తించి వచ్చే పోయే వాళ్ళకి పంచేవాడు. ఆ ఏటి బొమ్మ మన రేవు. తెల్లవారుతుండగా సముద్రం మీంచి ఒక పెద్ద ఓడ రేవు ఛానల్లోకి వస్తోంది. దాని ముందు, ఓడల్ని లోపలికి లాగే చిన్న టగ్గు. వెనకాల సముద్రంలోకి ముక్కులా పొడుచుకొచ్చిన డాల్ఫిన్ నోస్ కొండ, కొండ మీద లైట్‌హౌసు. పోర్టు ఆఫీసు చుట్టూ ఎన్నాళ్ళు తిరిగి పర్మిషను తెచ్చుకున్నాడో పాపం అనుకున్నాను. అంతకు మించి ఆయన సంగతి ఆలోచించలేదు.

ఆ కాలంలో బళ్ళో చార్టులు పుట్టే తీరు అందరిదీ ఒకటే. పల్చటి తెల్ల కాగితానికి కొబ్బరి నూనె రాసి ఆరబెడితే అద్దంలా అవుతుంది. దాన్ని బొమ్మ మీద పరిచి గీతలు దింపుకోవడం. ఆ నూనె కాగితం మీద చిన్న గళ్ళు గీసి, పెద్ద గుడ్డ మీద పెద్ద గళ్ళు గీసి, ఒక్కో గడిలో ఉన్నది ఒక్కో గడిలోకి ఎక్కించుకోవడం. సైన్సు మాస్టారి గుండెకాయ, హిందీ టీచరుగారి జాతీయ నాయకులు, నా భారతదేశం పటం, అన్నీ ఇలా పుట్టినవే. ఎవరి బొమ్మ, ఎవర్ని అడిగి గీశావు అన్న మాట స్టాఫ్ రూములో నేనెన్నడూ వినలేదు. బొమ్మ దొరకడమే గొప్ప.

క్యాలెండరు కింది తేదీల ముక్క కత్తిరించేసి, పై బొమ్మని నూనె కాగితం మీదకి దింపుకున్నాను. రంగులు చిందుతాయని అసలు బొమ్మని బీరువాలో భద్రంగా పెట్టేశాను. పాత దుప్పటికి గంజి పెట్టి గోడకి మేకులు కొట్టి బిగించాను. ఆదివారాలన్నీ దాని ముందే గడిచాయి. మా ఆయన చాప మీద పడుకుని చూస్తుండేవాడు.

"ఏటే, ఆ ఓడలో నాకో సీటు గియ్యవా?" అన్నాడోసారి.

"కాంట్రాక్టరు బిల్లు వొచ్చినాక గీత్తాను" అన్నాను.

జరిగిన పొరపాటు ఇక్కడే జరిగింది. నూనె కాగితానికి ఇటూ అటూ ఒకటే, ఏ పక్కనుంచి చూసినా బొమ్మ స్పష్టంగా ఉంటుంది. నేను దాన్ని తిరగేసి పెట్టుకుని గళ్ళు గీశాను. దాంతో గుడ్డ మీద ఊరంతా తిరగబడింది. రేవు దగ్గర పుట్టినవాళ్ళయితే ఒక్క చూపులో పట్టేసేవారు. మేమిద్దరం తగరపువలస అవతలి పొలాల వాళ్ళం, ఊళ్ళోకి వచ్చి రెండేళ్ళు. మాకు వరి ఏ పక్కకి వాలితే గాలి ఎటునుంచో తెలుస్తుంది గానీ, డాల్ఫిన్ నోస్ ముక్కు ఎటు తిరిగుంటుందో గుర్తులేదు. రంగులన్నీ పూర్తయ్యాక ఇద్దరం దూరం జరిగి చూసుకుని, భలేగా ఉందని మురిసిపోయాం.

సోమవారం క్లాసులో గోడకి తగిలించానో లేదో, పిల్లలు గొల్లుమన్నారు.

"టీచరండీ! కొండ అటేపు తిరిగిపోనాదండి!"

"సముద్రం ఎడం సేతేపు కదండీ ఉండాల!"

ముందు బెంచీలో ఒక పిల్ల లేచి నిలబడింది. తండ్రి టగ్గు మీద పనిచేస్తాడు. "మా నాయిన సెప్పినాడండి, బీచీకాడ నిల్సుంటే ఓడలు ఎడం పక్కనుంచి లోపలికొత్తాయండి. ఇదేటండి, ఎదురొచ్చేత్తంది?" అంది.

నా మొహం మాడిపోయింది. ఇంటికి పట్టుకుపోయి చింపేద్దామనిపించింది. కానీ అప్పటికే క్లాసు సగం గోడ దగ్గరికి వచ్చేసింది. లైట్‌హౌసు ఎక్కడుండాలి, బీచి ఎక్కడుండాలి, ఛానల్ లోపలికెళ్ళి ఎటు మలుపు తిరుగుతుంది అని ఒకరి మీద ఒకరు అరుస్తున్నారు. ఓడరేవుల పాఠం చెబుతుంటే నిద్రపోయే క్లాసు అది. నేను నోరు మూసుకుని బల్ల మీద కూర్చున్నాను. గంట కొట్టేసరికి నేను చెప్పాల్సిన పాఠమంతా వాళ్ళే చెప్పుకున్నారు. మర్నాటి నుంచీ పక్క క్లాసుల వాళ్ళు కూడా తప్పులు పట్టడానికి వచ్చేవారు.

ఆ సందడికి హెడ్మిస్ట్రెస్ గారు వచ్చారు. ఆవిడ చర్చిలో ఎంత మెత్తగా పాడతారో బళ్ళో అంత గట్టిగా మాట్లాడతారు. చార్టు ముందు నిలబడి చాలాసేపు చూశారు.

"ఇంత బాగా గీత్తావని నాకెవరూ సెప్పలేదేటమ్మా!" అన్నారు. "కొండ సంగతి ఒగ్గెయ్. దీన్నే సిన్న కాగితం మీద సరిగ్గా తిప్పి గియ్యి. జూన్లో బడి తెరిచేసరికి స్కూలు క్యాలెండరు ఏసి తల్లిదండ్రులకి అమ్ముదాం. ఆరో తరగతి షెడ్డుకి కప్పన్నా పడతాది."

ఆరో తరగతి పాక కప్పు గాలివానకి లేచిపోయి చాలా రోజులైంది. ఎండెక్కితే ఆ పిల్లలు వేపచెట్టు నీడ ఎటు జరిగితే అటు జరిగేవారు. హెడ్మిస్ట్రెస్ గారికి ఆ బెంగ ఎంతుందో మాకందరికీ తెలుసు. వెళ్తూ వెళ్తూ గొంతు తగ్గించి, "కమిటీలో నీ మాట నాను సూసుకుంటాను" అన్నారు. ఇంక నా కాళ్ళు నేల మీద నిలిస్తే ఒట్టు. ఆ సాయంత్రమే చిన్న అట్ట మీద రెండో బొమ్మ మొదలుపెట్టాను, ఈసారి అసలు క్యాలెండరు ఎదురుగా పెట్టుకుని.

పరీక్షల ముందు పదో తరగతి గ్రూపు ఫొటో తీయించడం ఆనవాయితీ. ఆ ఏడు పాత ఫొటోగ్రాఫరు ఊళ్ళో లేడని ద్వారకా నగర్ నుంచి ఒకాయన్ని పిలిపించారు. పెద్దవయసు మనిషి, తెల్ల లాల్చీ, మూడు కాళ్ళ మీద పెద్ద కెమెరా, దాని మీద నల్ల గుడ్డ. టీచర్లందరం కుర్చీల్లో సర్దుకున్నాం. టెంపరరీ వాళ్ళం పక్కన నిలబడ్డాం. వెనక వరసకి బెంచీ చాల్లేదని ఆయన వరండా పక్క క్లాసులోకి వెళ్ళాడు. అది నా క్లాసే. బెంచీ పట్టుకొస్తాడని అందరం ఎదురు చూస్తున్నాం. ఎంతసేపటికీ రాలేదు.

వెళ్ళి చూద్దును కదా, చార్టు ముందు నిలబడి ఉన్నాడు. వేలితో కొండ గీత వెంట, తాకకుండా, ఇటునుంచి అటు గీస్తున్నాడు.

"ఇదెవరు గీసినారమ్మా?" అన్నాడు.

"నేనేనండి."

"దేన్ని సూసి గీసినారు?"

అప్పుడు తట్టింది నాకు, ఈయన ఎవరో. జవాబు చెప్పేలోగా హెడ్మిస్ట్రెస్ గారు గుమ్మంలోకి వచ్చి, ఎండ పోతోందని తొందర పెట్టారు. ఆయన ఆవిడతో, "రేపు మళ్ళీ వత్తానమ్మా. ఓ వస్తువు తేవాల. ఈ టీచరమ్మని కూడా ఉండమనండి" అన్నాడు. తర్వాత ఫొటో తీశాడు గానీ ఒక్కసారి కూడా నవ్వమని అనలేదు. ఆ ఫొటోలో నన్ను చూసిన వాళ్ళు ఇప్పటికీ, అప్పుడు నీకు జ్వరమా అని అడుగుతారు.

ఆయన వెళ్ళగానే హెడ్మిస్ట్రెస్ గారు నన్ను గదిలోకి పిలిచి తలుపు దగ్గరగా వేశారు. క్యాలెండరు సంగతి చెప్పాను. ఆవిడ కుర్చీలో కూలబడ్డారు.

"ఓలమ్మ! ఆయన తన బొమ్మ దొంగిలించినారని ఎవరో యాపారి మీద కోర్టుకెళ్ళినాడట. మా సర్చి సంఘంలో సెప్పుకుంటే విన్నాను. ఇప్పుడు కమిటీకి ఓ ఉత్తరం ముక్క రాసినాడంటే నానేటి సెయ్యగలను? నీ పర్మనెంటు కాగితం పైకి పంపనేను సుమా. నన్నే నిలదీత్తారు."

"మేడం, పిల్లలకి పాఠం చెప్పుకోడానికి గీశాను. అమ్ముకోడానిక్కాదు."

"తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారు. ముందా చార్టు తీసి ఎక్కడన్నా దాచెయ్యి."

నాకు మళ్ళీ ఒళ్ళు మండింది. "దాస్తే దొంగతనమని మనమే ఒప్పుకున్నట్టవుతుంది మేడం. నేను తియ్యను" అన్నాను. ఆవిడ నా వైపు ఒక చూపు చూసి ఫైలు తెరుచుకున్నారు.

ఇంటికెళ్ళి మా ఆయన మీద పడ్డాను. ఆయన అన్నం కలుపుకుంటూ అంతా విని, "అడుసు తొక్కనేల, కాలు కడగనేల" అన్నాడు. అంతే, దొరికిపోయాడు.

"ఏటి అడుసు? సైన్సు మేష్టారు కప్ప బొమ్మ పుస్తకం సూసి గియ్యలేదా? హిందీ టీచరు గాంధీ తాతని దేన్ని సూసి గీసింది? కప్ప ఒచ్చి కేసెడతాదా?"

"కప్పకి ప్లీడరు లేడే. ఈయనకున్నాడు" అన్నాడు.

నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది. ఉద్యోగం పోతే ఏం చేస్తాం అన్న మాట ఇద్దరిలో ఎవరమూ పైకి అనలేదు. అద్దింటావిడకి ఏం చెప్పాలి, ఊరెళ్తే అత్తగారు ఏమంటుంది, ఇంకో బళ్ళో ఎవరు తీసుకుంటారు అని కంచం ముందు కూర్చుని ఆలోచిస్తున్నాను. మా ఆయన నా కంచంలో ఇంకో చేప ముక్క వేసి, "తిను. రేపు నానూ వత్తాను కావాలంటే. గేటుకాడ కూకుంటాను" అన్నాడు. వద్దన్నాను. కాంట్రాక్టరు పనిలోంచి కూడా తీసేస్తే ఇంక ఇద్దరం కలిసి వేపచెట్టు కింద కూర్చోవాలి.

మర్నాడు ఫొటోగ్రాఫరు చంకలో ఒక పొడుగాటి అట్ట పెట్టుకుని వచ్చాడు. హెడ్మిస్ట్రెస్ గారి గదిలో నేను నిలబడే ఉన్నాను. ఆవిడ టీ తెప్పించారు. ఆయన టీ ముట్టకుండా ఆ అట్టని బల్ల మీద పరిచాడు. విప్పదీసిన రొయ్యల పెట్టె అది, ఎగుమతికి వాడే రకం. దాని మీద ఓడ, టగ్గు, కొండ. కొండ ముక్కు కుడివైపుకి తిరిగి ఉంది, అచ్చం నా చార్టులో లాగే.

"ఈ కంపెనీవోడు నా ఫొటో తిప్పి అచ్చేసుకున్నాడమ్మా. తిప్పితే నాను గుర్తుపట్టననుకున్నాడు. నా కొండ నాకు తెల్దేటి? కోర్టుకెళ్తే ఆఖరికి కాళ్ళబేరానికొచ్చి, ఇంకెప్పుడూ ఎయ్యనని రాసిచ్చినాడు. నిన్న మీ గోడమీద అదే తిరగబడ్డ కొండ సూసేసరికి నా గుండె ఆగిపోనాది. మళ్ళీ మొదలెట్టినాడు, ఈసారి బళ్ళకి కూడా అమ్మేత్తన్నాడు అనుకున్నాను. రాత్రి నిద్ర నేదు. నిజం సెప్పండి టీచరుగారూ, మీకు ఈ పెట్టె ఎక్కడ దొరికినాది?"

ఆయన భయపడుతున్నాడు. నిన్నట్నుంచి మమ్మల్ని చంపింది ఆయన కోపం కాదు, ఆయన భయం. నేను సంచీలోంచి తేదీలు కత్తిరించిన క్యాలెండరు ముక్క తీసి పెట్టె పక్కన పెట్టాను. నూనె కాగితం కూడా తీసి, ఇటు తిప్పీ అటు తిప్పీ చూపించాను.

ఆయన రెండింటినీ చాలాసేపు చూశాడు. తర్వాత కుర్చీలో వెనక్కి వాలి, "హమ్మయ్య" అన్నాడు. ఆ హమ్మయ్యలో నాదీ కలిసిపోయింది. తర్వాత ఆయనకి నవ్వొచ్చింది. "కొబ్బరి నూనెకి ఇంత పనుందేటి!" అని నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకున్నాడు. చల్లారిపోయిన టీ తాగేశాడు.

హెడ్మిస్ట్రెస్ గారికి ఇంకా నమ్మకం కుదరలేదు. "మరి మా టీచరు మిమ్మల్నడక్కుండా గీసినాది కదండీ. అది తప్పు కాదేటి?" అన్నారు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకోవడం అంటే అదే. ఎవరూ అడక్కపోయినా ఆవిడ నా భుజాలు కూడా తడిమేశారు.

"నా ప్లీడరు సెప్పినాడమ్మా. కాపీరైటు సట్టంలోనే రాసుందంట. బళ్ళో పాఠం సెప్పడానికి టీచరు గానీ, నేర్సుకోడానికి పిల్లలు గానీ బొమ్మ సూసి గీసుకుంటే తప్పు నేదు. పరీచ్చ పేపర్లో ఏసుకున్నా పర్నేదు. అచ్చేసి అమ్ముకుంటేనే పేచీ. నాకు మాత్రం మనసులో లేదేటి, నా బొమ్మ సూసి పిల్లలు నాలుగు ముక్కలు నేర్సుకోవాలని?"

పోయిన ప్రాణం లేచి రావడమంటే ఏమిటో నాకు ఆ గదిలో తెలిసింది. అడక్కుండానే ఎదురుగా ఉన్న కుర్చీలో కూర్చున్నాను. టెంపరరీ వాళ్ళెవరూ ఆ కుర్చీలో కూర్చోరు.

పిల్లలు ఆ చార్టుతో ఏం చేస్తారో చూస్తానని ఆయన క్లాసుకి వచ్చాడు. బొమ్మ తీసింది ఈయనేనని చెప్పగానే పిల్లలు ఆయన్ని చుట్టేశారు. "మీరు తీసినప్పుడు కొండ ఇటే ఉందాండీ?" అని ఒకడు. "ఆ ఓడలో ఏటుందండీ?" అని ఇంకొకడు. టగ్గు వాళ్ళ పిల్ల మాత్రం టగ్గు పొగ గాలికి ఎటు పోవాలో ఆయనకే పాఠం చెప్పింది. ఆయన చేతులు వెనక్కి కట్టుకుని బుద్ధిగా విన్నాడు.

వెళ్ళేటప్పుడు వరండాలో నాతో, "ఏడాది పొడుగునా నా ఫొటో అందరి గోడల మీదా ఉంటాదమ్మా. అందరూ కింద తేదీలే సూత్తారు. మీరు తేదీలు కత్తిరించేసినారు" అన్నాడు. ఆ సాయంత్రం చార్టు అడుగున, ఫలానా స్టూడియో ఫొటో చూసి గీసినది అని రాశాను. ఆయన అడగలేదు. నాకే రాయాలనిపించింది.

కథ ఇక్కడితో అయిపోతే ఎంత బాగుండేది! మర్నాడు హెడ్మిస్ట్రెస్ గారు మహా హుషారుగా పిలిచారు.

"గండం గడిసినాది. సట్టం మనేపే ఉంది. ఆ సిన్న బొమ్మ అయిపోయిందా? ప్రెస్సువోణ్ణి రమ్మన్నాను. కమిటీ మీటింగు ఎల్లుండే. అచ్చు బొమ్మ ఒకటి ఆళ్ళ ముందెట్టి, ఇది గీసిన టీచరు ఈవిడే అని సెప్తాను. ఇంక నీకు తిరుగు నేదు."

చిన్న బొమ్మ సంచీలోనే ఉంది, పూర్తయి ఉంది. కొండ సరిగ్గానే తిరిగి ఉంది. తీసి ఇచ్చేస్తే చాలు. ఆరో తరగతి పిల్లలు నీడలో కూర్చుంటారు, నేను కుర్చీలో కూర్చుంటాను. ఆ ఫొటో ఆయన కూడా ఏమనుకుంటాడు, నవ్వేసి ఊరుకుంటాడేమో అని కూడా అనుకున్నాను. కానీ బల్ల మీద ఆ రొయ్యల పెట్టె పరిచినప్పుడు ఆయన మొహంలో భయం చూశాను కదా. మనం అచ్చేసి అమ్మితే రొయ్యల వ్యాపారికీ మనకీ తేడా ఏముంటుంది, మన కొండ సరిగ్గా తిరిగి ఉండటం తప్ప?

"వద్దు మేడం" అన్నాను. "ఆయన చెప్పింది పాఠం సంగతి. ఇది అమ్మకం. ఆయన్ని అడక్కుండా వెయ్యకూడదు. నేను ఇవ్వను."

ఇవ్వను అనకుండా ఉండాల్సింది. అడిగి వేద్దాం మేడం అని మెత్తగా అనొచ్చు. నా నోరు అలాంటిది. హెడ్మిస్ట్రెస్ గారి మొహంలో నవ్వు ఆరిపోయింది.

"షెడ్డు నాకోసమనుకుంటన్నావేటి?" అన్నారు.

"కాదు మేడం."

"ఎల్లు. పాఠం సెప్పుకో."

ఆ రెండు రోజులూ ఆవిడ నాతో మాట్లాడలేదు. వరండాలో ఎదురైతే నా భుజం మీంచి చూస్తూ వెళ్ళిపోయేవారు. మా ఆయనకి చెబితే, ఈసారి సామెతలేవీ చెప్పలేదు. "సరే, కోపం నీది, కడుపు మనిద్దరిదీ" అని మాత్రం అన్నాడు. తిట్టినా బాగుండేది.

మీటింగు రోజు సాయంత్రం బడి వదిలేశాక కూడా నేను వెళ్ళలేదు. కమిటీ పెద్దలు ఒక్కొక్కరే స్కూటర్లెక్కి పోతుంటే, క్లాసులో బోర్డు తుడుస్తున్నట్టు నటిస్తున్నాను. బోర్డు ఎప్పుడో శుభ్రమైపోయింది. హెడ్మిస్ట్రెస్ గారు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు.

"నిన్న ద్వారకా నగర్ ఎళ్ళినాను, ఆ ఫొటో ఆయన దగ్గరికి" అన్నారు. "క్యాలెండరు ఏసుకుంటామని అడిగినాను. మర్యాదగానే సెప్పినాడు, ఇవ్వనని. ఆ బొమ్మ ఆయన స్టూడియోకే ఉండాలంట. అడక్కుండా ఏసుంటే ఈపాటికి ఆ రొయ్యలోడి పక్కన కోర్టులో నిల్సుందును."

షెడ్డు సంగతి అడుగుదామనుకున్నాను. అడక్కుండానే చెప్పారు. "షెడ్డుకి సర్చిలో అడుగుతాను. పిల్లల సేత ఓ పోగ్రాం ఏయించి టిక్కెట్లెడతాను. ఏదో ఒకటి సేత్తాను."

"అలాగేనండి" అన్నాను.

"నిన్ను పర్మనెంటు సేసినారు."

ఆవిడ ఆ మాటని కూడా షెడ్డు సంగతి చెప్పినట్టే చెప్పారు. నేను సరిగ్గా విన్నానో లేదో తెలియక ఆవిడ మొహంలోకి చూశాను.

"కమిటీలో ఓ పెద్దాయన అడిగినాడు, పోయినేడు ఒచ్చిన మనిషికి ఇంత తొందరేటని. నానేటి సెప్పినానో తెల్సా? అవునండి, అలాగేనండి అనేవోళ్ళు నాకు స్టాఫు రూం నిండా ఉన్నారు. కాదండి అనే మనిషి ఈవిడొకర్తే. ఈవిణ్ణి టెంపరరీగా ఉంచితే రేపు బయపడి అవునండి అనడం నేర్సేసుకుంటాది. అప్పుడు నాకు సెప్పేవోళ్ళెవరూ ఉండరు అన్నాను."

ఆవిడ వెళ్ళిపోయాక వరండా మెట్టు మీద కూర్చుని, డస్టరు ఒళ్ళో పెట్టుకుని, ఎవరేమనుకుంటారో చూసుకోకుండా కడుపు నిండా ఏడ్చాను. చీరంతా సుద్ద పొడి అయింది. బస్సు వచ్చే వేళకి లేచి మొహం కడుక్కుని, ఇంటికి వెళ్ళాను.